గోడ పాడుచేసిన చెయ్యి

వేలిముద్రల మిషను మూడోసారి కూడా వెంకటనరసమ్మ బొటనవేలిని ఒప్పుకోలేదు.

“ఒప్పుకోదు నాయనా,” అంది ఆవిడ. “నలభై ఏళ్ల కిందట కొల్లేటికోట జాతరకి పాతికమంది చుట్టాలు దిగితే, కొర్రమీను కోస్తూ కోస్తూ కత్తిపీట మీద వేలు కూడా కోసుకున్నాను. అడ్డంగా గాటు పడిపోయింది. కూర మాత్రం ఈరోజుకీ చెప్పుకుంటారు.”

వార్డు సచివాలయంలో పనిచేసే వీర్రాజు నవ్వుకుని ఎడమచేతి వేలు పెట్టించాడు. మిషను కూసింది. ఇక ఫిర్యాదు చెప్పమన్నాడు.

వెంకటనరసమ్మ వీధి గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. నిటారుగా కూర్చోక తప్పదు. కుడికంటి శుక్లం తీసి పన్నెండు రోజులైంది, నలభై రోజులు వంగకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. నల్లకళ్లద్దాలు నిన్న సాయంత్రమే తీసింది. తీశాక లోకమంతా కడిగి ఆరేసినట్టుంది. భర్త వెంకట్రాజు ముక్కు పక్కన పుట్టుమచ్చ కనబడితే, ఇదెప్పుడొచ్చిందండీ అని అడిగింది. పెళ్లినాటికే ఉందన్నాడాయన. ఇవాళ పొద్దున గేటు దాటేసరికి వీధిగోడ కనబడింది.

ఎర్రరంగు వేసిన గోడ మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లరంగుతో పిచ్చిగీతలు. చక్రాలు చక్రాల్లా లేవు. గీత బయల్దేరిన చోటికీ వచ్చి ఆగిన చోటికీ జానెడు దూరం.

“పోయిన ఉగాదికి ఇదే గోడ మీద నా చేత్తో పదహారు రేకుల తామరలు వేశాను. మధ్యలో చేపల జంట, పొలుసు పొలుసూ దిద్దాను. కళ్లు మూసుకున్నా నా చెయ్యి తప్పదు. అంత పనీ చెరిపేసి ఎవరో ఈ గీతలు గీశారు, రాసుకో.”

ఎవరి మీదైనా అనుమానమా అని అడిగాడు వీర్రాజు. అనుమానం ఎదురింట్లోనే ఉంది. మెహర్. ఏలూరు బజారులో సగం కొట్లకి బోర్డులు రాసిన నన్నే సాహెబ్ మనవరాలు. తాత దగ్గర కుంచె పట్టి, కాలవగట్టు గోడ మీద కొల్లేటి గూడబాతుల్ని వేసి పేరు తెచ్చుకుంది. వచ్చే సోమవారం తాడేపల్లిగూడెంలో ఒక స్కూలు గోడంతా బొమ్మలు వెయ్యాలి. అంత పెద్ద పని రావడం ఇదే మొదలు. గోడలు పాడుచేస్తుందని ఒక్క ఫిర్యాదు ఉన్నా స్కూలువాళ్లు గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ సంగతి తెలిసే వెంకటనరసమ్మ ముందుగా ఆ పిల్లని పిలిపించింది. ఒప్పుకుంటే వదిలేద్దామని.

మెహర్ వచ్చి గోడని చూసింది. తర్వాత అరుగు మీద పేపరు చదువుతున్న వెంకట్రాజుని చూసింది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తాడు.

“ఇది పాడుచెయ్యడం కాదండీ మామ్మగారూ, బొమ్మే.”

“బొమ్మా? ఇడ్లీపిండి ఒలికినట్టుంటేనూ?”

“అవి చేపలు కదండీ. వల తప్పించుకుని పారిపోతున్నట్టు లేవూ? అంత ధైర్యంగా గీత లాగడం నాకు రాదండి.”

“ధైర్యం కాదే అమ్మాయ్, కళ్లు లేకపోవడం. ఏ గుడ్డిదో వేసుంటుంది. చేతులు వణికే ముసల్ది కూడా ఇంతకన్నా తిన్నగా గీస్తుంది.”

పేపరు వెనక దగ్గు వినబడింది.

అక్కడితో ఆగితే ఆవిడ వెంకటనరసమ్మ కాదు. చదువు రెండో తరగతిలో ఆగింది గానీ జ్ఞాపకం ఎక్కడా ఆగలేదు. నల్లజర్ల పుట్టింట్లో ఏ గుమ్మానికి ఏ ముగ్గు వేసిందో, తణుకు పెళ్లిలో తను వేసిన పల్లకీ ముగ్గు తొక్కలేక మగపెళ్లివారు దొడ్డిదారిన ఎలా వచ్చారో పూసగుచ్చినట్టు చెప్పింది. అదీ బొమ్మంటే, ఇది గోడకి పట్టిన గజ్జి అంది.

వీర్రాజు ఓపిగ్గా విని, ఎవరేశారో తెలియాలంటే సాక్ష్యం కావాలండీ అన్నాడు.

సాక్ష్యం కోసం ఆవిడ గోడని ఈ చివర నుంచి ఆ చివరకి కొత్త కంటితో వెతికింది. కింద మూల, కాలవ పక్కన, తెల్లటి చుక్క ఒకటి కనబడింది.

“అదిగో. గీసింది చాలక, పని అయిందని కింద వేలు కూడా అద్దిపోయారు. ఎంత పొగరో చూడు. నీ మిషనుకి ఆ వేలు చూపించు నాయనా.”

మెహర్ గబగబా ఇంట్లోకి వెళ్లి ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చింది.

“నేనే వేశాననుకోండి మామ్మగారూ. ఇప్పుడే చెరిపేస్తాను.”

“అయితే పేరు రాసెయ్యమంటారాండీ?” అన్నాడు వీర్రాజు.

మెహర్ డబ్బా మూత తీస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వెంకటనరసమ్మ కొత్త కంటికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు కూడా కనబడ్డాయి. మెహర్ తల వంచుకుని, పెద్ద పెద్ద చక్రాలన్నీ వదిలేసి, తిన్నగా ఆ కింద మూలకే వెళ్లి కూర్చుంది. కుంచె ముంచింది.

“ఆగు,” అంది వెంకటనరసమ్మ కుర్చీలోంచి లేస్తూ. “ఇంత గోడ ఉంటే ముందు ఆ మూలే ఎందుకు?”

వెంకట్రాజు పేపరు కింద పడేసి వచ్చాడు.

“వంగకే. డాక్టరు వద్దన్నాడు.”

యాభై ఏళ్ల కాపురంలో డాక్టరు మాటని ఆయన అంత గట్టిగా పట్టించుకోవడం ఆవిడ చూడలేదు. వెంకటనరసమ్మ మెహర్‌ని భుజం పట్టుకుని పక్కకి జరిపింది. గోడని ఆనుకుని, నడుం మెల్లగా వంచి, చుక్క దగ్గరికి మొహం పెట్టింది.

ముద్రకి అడ్డంగా కత్తిపీట గాటు ఉంది.