బోర్తోలో హద్దు

“ఎంత? నోరు విప్పరా బోర్తోలో!” పోటీ పెద్ద జుస్తో అరిచాడు.

బోర్తోలో చేతికర్ర మంచులో గుచ్చి, తన బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

మంచు వాలు పొడుగునా ఊరివాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరికీ మూడేసి మీటర్ల హద్దు. పైన దూకుడు అంచు నుంచి గాల్లోకి ఎగిరొచ్చిన పిల్లల కాళ్లకున్న స్కీలు, ఆ పొడుగాటి జారుడు చెక్కలు, ఎవరి హద్దులో మంచును తాకితే, అంచు నుంచి అక్కడికి ఎన్ని మీటర్లో వాళ్లే చెప్పాలి. పక్క హద్దు సంగతి మాట్లాడకూడదు. అరవై నుంచి అరవై మూడు వరకూ బోర్తోలోది. ఆయనే చివరివాడు. అంతదూరం పిల్లలెవరూ రారు గనక, వయసుకు మర్యాదగా ఆ చోటు ఇచ్చారు.

ఇవాళ ఇద్దరు వచ్చారు. ముందు పక్క లోయ కుర్రాడు మొరేనో. అరవై ఒకటిన్నర అని బోర్తోలోయే గట్టిగా కేకేసి చెప్పాడు. తర్వాత ఆయన మనవరాలు ఫియోరెంజా. ఒడుపుకు ఇద్దరికీ సమానంగా మార్కులు పడ్డాయి. ఇక తేల్చాల్సింది దూరమే. గెలిచినవాళ్లకు జాతీయ జట్టు శిబిరంలో చోటు. ఉన్నది ఒక్కటే చోటు.

“మావాడిది క్షణంలో చెప్పాడు. మనవరాలికొచ్చేసరికి లెక్కలు కడుతున్నాడు,” అన్నాడు మొరేనో కోచ్ ఎజీదియో. “తాత చేతిలో మీటరు కాస్త సాగుతుందిలే!”

జుస్తో పై హద్దులో ఉన్న తుల్లియో వైపు తిరిగాడు. “నువ్వేమైనా చూశావా?”

“నన్ను దాటింది. ఆపైన నాది కాదు.”

గీతలు చూద్దామంటే, పొద్దుటినుంచి జారిన స్కీల గీతలన్నీ అక్కడ కలిసిపోయి ఉన్నాయి.

ఫియోరెంజా స్కీలు భుజాన వేసుకుని వాలెక్కి వచ్చింది. “చెప్పు తాతా. తక్కువైతే తక్కువనే చెప్పు. నేనేం ఏడవను.”

బోర్తోలో టోపీ తీశాడు. “చూళ్లేదమ్మా.”

“ఏంటీ?”

“గాల్లో మరీ ముందుకు వంగిపోయావు. ముక్కు స్కీలకు తగిలేట్టుంది. బోర్లా పడతావనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నువ్వు అడుగున నిలబడి ఉన్నావు.”

వాలంతా నవ్వులు. జుస్తో తల పట్టుకున్నాడు. “నా కొడుకులు ముగ్గుర్నీ రెప్పేయకుండా కొలిచావు కదరా!”

“వాళ్లు నీ కొడుకులు.”

ఎజీదియో నవ్వలేదు. “తుల్లియోని దాటింది కాబట్టి అరవై వేసి ముగించండి.”

“కొలవలేకపోయింది మనం. దానికి పిల్లకు శిక్షా? మళ్లీ దూకుతుంది,” అన్నాడు జుస్తో.

“అయితే ముందు ఈ ముసలాయన్ని తప్పించండి.”

అది న్యాయమే అనిపించింది బోర్తోలోకి. దూరం చూపే చేతికర్రను జుస్తోకి ఇవ్వబోయాడు. ఫియోరెంజా అడ్డం వచ్చింది.

“తాత లేకపోతే నేను దూకను.” తర్వాత గొంతు తగ్గించింది. “నేను పడబోలేదు తాతా. అలా వంగితేనే దూరం. ఇప్పుడు ఇంకా వంగుతాను.”

“నాకు భయమేస్తుందే.”

“భయపడు. కళ్లు తెరుచుకుని భయపడు.”

మెట్లెక్కి పోయింది. పైన, జారుడు మొదలయ్యే చోట అడ్డకడ్డీ మీద కూర్చున్న పిల్ల బోర్తోలోకి పిట్టంత కనిపించింది. అంత చిన్నదాన్ని గాలికి ఎలా అప్పగించామా అనుకున్నాడు. అంతలో బయల్దేరమని జెండా కిందికి వాలింది.

జారింది. అంచు దగ్గర లేచింది. అన్నట్టే వంగింది, ఇందాకటికంటే ఇంకా. బోర్తోలో కళ్లు మంటలెత్తాయి, నీళ్లు కారాయి. రెప్ప మాత్రం వేయలేదు. తుల్లియో తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు. బోర్తోలో నెత్తిమీదుగా ఈదురుగాలిలా ఒక చప్పుడు. ఆ తర్వాత స్కీలు మంచును చరిచిన మోత.

జనమంతా బోర్తోలో వైపు తిరిగారు.

“బోర్తోలో! ఈసారైనా చూశావా?” జుస్తో గొంతు చించుకున్నాడు.

“చూశాను! రెండు కళ్లతో చూశాను!”

“మరి చెప్పవేం? ఎంత?”

బోర్తోలో చెంపలు తుడుచుకుని, కర్రతో కింది వాలుకేసి చూపించాడు.

“అది నా హద్దు కాదురా. నా తర్వాత ఎవర్ని నిలబెట్టావో వాణ్ణడుగు!”