నాలుగు వేళ్ల సందు

హెడ్మాస్టరు గారు మోకాళ్ల మీద వంగి, తలా భుజాలూ ఇనుప బోనులోకి దూర్చి, లోపల బిస్కెట్ ముక్క పెట్టి, "రామ్మా, రా" అని బతిమాలుతున్నారు.

సోఫా కింద నుంచి బొగ్గు చూస్తోంది. నాలుగు నెలల నల్ల కుక్కపిల్ల. దానికి బిస్కెట్ కావాలి. బోను వద్దు.

బడి వరండాలో ఆయన ఒక్కసారి దగ్గితే మూడు వందల మంది పిల్లలు గప్‌చుప్. ఆ దగ్గు ఇంట్లో కూడా దగ్గి చూశారు. బొగ్గు తోక ఊపింది.

"అది మీ బడిలో చేరలేదు లెండి," అంది నర్సుగా పనిచేసే భార్య, డ్యూటీకి బయల్దేరుతూ.

ఆయనకు నవ్వు రాలేదు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. ఒంటరిగా వదిలితే బొగ్గు తలుపు గీరుతుంది, గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంది. ఇంటి ఓనరు ఆదివారం దాకా గడువిచ్చాడు. ఆలోపు బోనులో బుద్ధిగా పడుకోవడం నేర్చుకుంటే సరి, లేదంటే తెచ్చినచోటే ఇచ్చేయాలి. ఆ మాట విన్నప్పట్నుంచి ఎనిమిదేళ్ల పాప సరిగ్గా తినడం లేదు.

చివరికి కుక్కలకు పాఠాలు చెప్పే ట్రైనర్‌ని పిలిపించారు. ఆవిడ బోను చూసింది, బొగ్గును చూసింది.

"శిక్షగా ఎప్పుడైనా ఇందులో పెట్టారా మాస్టారూ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. ఈసారి ఎవరినీ భయపెట్టడానికి కాదు.

"ఒక్కసారేనమ్మా. హాజరుపట్టీ కొరికేసింది. గడియ వేసి ఓ అరగంట... బుద్ధొస్తుందని."

ఆ అరగంటా పాప ఊచల మధ్య నుంచి వేలు లోపలికి పెట్టి పక్కనే కూర్చుంది. ఆ సంగతి ఆయన చెప్పలేదు.

"అరగంటేనని దానికి తెలీదు కదండీ. ఇంకెవరూ రారనుకుంటుంది."

ఆయన చెవులు వేడెక్కాయి. ఊళ్లో పిల్లలందరికీ మంచీ చెడూ చెప్పే మనిషి తను. పసిదాన్ని ఏడిపించి కూర్చున్నాడు.

"కొట్టలేదమ్మా! మా ఇంట్లో చెయ్యెత్తే అలవాటే లేదు. పాపను చూడండి, ఇంతవరకూ ఒక్క దెబ్బ వేసి ఎరగను. ఎంత నెమ్మదో!"

పాప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నిజంగానే నెమ్మది.

"తలుపు తీసే ఉంచండి. తొయ్యకండి. దానంతట అదే వెళ్లాలి," అని చెప్పి ట్రైనర్ వెళ్లిపోయింది.

మర్నాడు ఆయనే బోనులోకి సగం దూరి చూపించారు. బొగ్గుకు ఆయన కాళ్లు దొరికాయి. ఒక మేజోడు పోయింది. గురువారం ఓపిక నశించి మెడ పట్టుకుని నెట్టబోయారు. బొగ్గు వణికిపోయి అక్కడే నేల తడిపేసింది. ఆయనే గుడ్డ తెచ్చి తుడిచారు. తుడుస్తూ దాని మొహంలోకి చూడలేకపోయారు. ఆ సాయంత్రం, "ఇక నావల్ల కాదు, నువ్వే చూసుకో," అని పాపకు వదిలేశారు.

ఆదివారం ట్రైనర్ వచ్చేసరికి బోను తలుపు మూసి ఉంది. లోపల బొగ్గు గుర్రుపెడుతోంది.

"భలే! ఎలా చేశారు మాస్టారూ?"

"నేను కాదమ్మా," ఆయన చిన్నబోతూ ఒప్పుకున్నారు. "పాప."

ట్రైనర్ కింద కూర్చుంది. బోను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ముందువైపు మాత్రం అడుగున కాస్త ఎత్తి, పిన్నులు పెట్టారు.

"ఈ నాలుగు వేళ్ల సందు ఎందుకు బంగారం?"

"వెలుగు రావాలి కదా ఆంటీ. ఎవరైనా నడిస్తే కాళ్లు కనబడతాయి. ఇంట్లో మనుషులున్నారని తెలుస్తుంది."

"మరి లోపల ఆ గుడ్డ?"

"అమ్మ పాత నైటీ. వాసన చూస్తే ఏడుపు ఆగుతుంది."

"ఇంకేం చేశావు?"

"వెళ్లేముందు మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పాను. తలుపు తీసేటప్పుడు 'బుద్ధొచ్చిందా' అని అడగలేదు."

"పదేళ్లుగా ఇదే పని నాది. నాకే తట్టలేదు!" అంది ట్రైనర్.

ఆ మాటకు, ఇన్ని రోజుల్లో మొదటిసారి హెడ్మాస్టరు గారు తల ఎత్తారు. గర్వంగా పాప జుట్టు నిమిరి, తనే అడిగారు. "ఇవన్నీ ఏ పుస్తకంలో చదివావమ్మా?"

"చదవలేదు నాన్నా," అంది పాప ఎప్పటిలాగే నెమ్మదిగా, "నువ్వు నన్ను స్టోర్‌రూములో పెట్టి గడియ వేసినప్పుడల్లా, ఇవన్నీ ఉంటే బాగుండునని అనుకుంటాను."