మూడు వందల కిలోల దిమ్మ

ఒక బస్తా సిమెంటు తేవాలి. ఇసుక జల్లించాలి. కంకర కడగాలి. చెక్కలు కొట్టి పెట్టె బిగించాలి. పెట్టె లోపల కాలిన ఆయిలు పూయాలి, లేకపోతే కాంక్రీటు చెక్కను వదలదు. చువ్వలు వంచాలి. గట్టి కొక్కెం ఒకటి సంపాదించాలి. ఈ చుట్టుపక్కల వాడు కాని మేస్త్రిని చూడాలి. అన్నీ గురువారంలోగా అయిపోవాలి.

ట్రాక్టరు యజమాని ఈ చిట్టా రాసిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. సోమవారం పొద్దున మేస్త్రి సైకిలు దిగేసరికి సామానంతా షెడ్డు ముందు సిద్ధంగా ఉంది.

"ఇక్కడ మేస్త్రులే కరువయ్యారా సార్, నాకోసం అంత దూరం కబురు పెట్టారు?"

"వీళ్లనడిగితే రేపంటారు, ఎల్లుండంటారు. గురువారం ఆఫీసరు వస్తాడు. ట్రాక్టరుకు ముందు బరువు కనబడకపోతే కేసు రాసి బండి లాక్కుపోతాడు."

"లాక్కుపోవాల్సిందే మరి!" అని నవ్వాడు మేస్త్రి. "వెనక లోడు తగిలించి ఎత్తు ఎక్కిస్తే ముందు చక్రాలు లేచిపోవూ? మా బావమరిది బండి ఓసారి గుర్రంలా నిలబడింది. వాడు పక్కకు దూకాడు కాబట్టి ఇవాళ్టికీ నన్ను తిడుతూ బతికున్నాడు."

యజమాని నవ్వలేదు.

మేస్త్రి టేపు తీసుకుని షెడ్డు వైపు నడిచాడు. బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది.

"కొలతలు నేను తీసి పెట్టాను. ఇదిగో కాగితం," అని యజమాని అడ్డొచ్చాడు.

"మీ డ్రైవరునైనా పిలవండి సార్. కొక్కెం ఏ ఎత్తులో ఉండాలో అతనికే తెలుస్తుంది."

"అతను రాడు."

"సెలవా?"

"సెలవే."

మేస్త్రి పార తీసుకుని పనిలోకి దిగాడు. కాంక్రీటు కలిపాడు, పెట్టెలో చువ్వలు అమర్చాడు, పోస్తూ కర్రతో కుక్కాడు. మధ్యలో యజమాని భార్య టీ గ్లాసు తెచ్చింది.

"అదృష్టవంతుడమ్మా మీ డ్రైవరు. పనివాడి ప్రాణం గురించి ఇంత పట్టించుకునే యజమాని ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?"

ఆమె గ్లాసు గట్టు మీద పెట్టింది. "అవునన్నా, మా ఆయనది మహా గొప్ప మనసు," అంది. మొగుడి వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది.

"అక్కకు కోపం వచ్చినట్టుంది," అన్నాడు మేస్త్రి.

"నీ పని నువ్వు చూసుకో."

మధ్యాహ్నానికి పెట్టె నిండింది. మేస్త్రి తాపీతో పైభాగం నున్నగా తీర్చి, చెవి వెనక నుంచి మేకు తీశాడు.

"నేను చేసిన దాని మీద తేదీ వెయ్యందే నాకు నిద్ర పట్టదు సార్. ఇవాళ ఎంత?"

"ఇవాళ్టిది వద్దు. రెండేళ్ల కిందటిది చెబుతాను, వెయ్యి. బండి కొన్న రోజు."

"అబ్బో! బండికి పుట్టినరోజన్నమాట," అంటూ మేస్త్రి ఆ అంకెలే ముత్యాల్లా చెక్కాడు. చేతులు కడుక్కుంటూ గట్టిగా చెప్పాడు. "మూడు పూటలా తడపండి. ఇరవై ఎనిమిది రోజుల దాకా బండికి తగిలించొద్దు. కొక్కెం ఊడిందంటే మూడు వందల కిలోలు కాళ్ల మీద పడతాయి."

"తగిలించను. ఆఫీసరు కంటికి కనబడితే చాలు."

"మీ డ్రైవరుకు కూడా చెప్పండి. అప్పటిదాకా బండి తియ్యొద్దని."

"తియ్యడు."

"కుర్రవాళ్లు మాట వినరు సార్. గట్టిగా చెప్పండి."

"తియ్యడని చెప్పాను కదా!"

మేస్త్రి బిత్తరపోయి సైకిలెక్కాడు.

బుధవారం యజమాని తనే పెట్టె విప్పాడు. దిమ్మ పచ్చిపచ్చిగా, కొత్తగా ఉంది. సుత్తితో నాలుగు మూలలూ కొట్టి పెచ్చులు లేపాడు. కాలిన ఆయిలు గుడ్డతో అక్కడక్కడా రుద్దాడు. మట్టి తడిపి అంకెల సందుల్లో కూరాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఇంకాస్త మట్టి పూశాడు.

కిటికీలో నుంచి భార్య చూస్తూనే ఉంది. "చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే లోపలికి రండి," అని మాత్రం అంది.

గురువారం ఆఫీసరు వచ్చి, దిమ్మను చూసి, బరువు దగ్గరే ఉన్నా తగిలించకుండా నడిపినందువల్లే మొన్న శనివారం ట్రాక్టరు తిరగబడి డ్రైవరు దాని కింద నలిగి చనిపోయాడని, తప్పంతా అతనిదేనని రాసుకుని వెళ్లాడు కాబట్టి, బండి కొన్న రోజు నుంచీ ఆ బరువొక్కటి చేయించమని యజమానిని బతిమాలుతూ వచ్చిన ఆ మనిషిని మీరైనా గుర్తుపెట్టుకోండి.