రాయిస్ పిస్తోలు

"గుళ్లు తీసి తెచ్చావా?"

"తీశాను. పదేళ్ల వయసు నుంచీ మా నాన్న తుపాకులన్నీ విప్పి తుడిచినదాన్ని, నాకు చెప్తావా? అయినా నువ్వూ ఓసారి చూసుకో" అంది వర్నా.

థర్మన్ నవ్వబోయి ఊరుకున్నాడు. రెండు పిస్తోళ్ల మీద జారే స్లయిడ్లూ వెనక్కి లాగి, గుళ్లు లేవని చిటికెన వేలు లోపల పెట్టి చూసి, తెరిచినవి తెరిచినట్టే బల్ల మీద పెట్టాడు. ఒకటి పోయిన వారం కొన్నది, ఇంకా నూనె వాసన పోలేదు. రెండోది వర్నా మొగుడు రాయిస్‌ది. ఈ ఏడు మంచు కరగకముందే గుండె ఆగి పోయాడు రాయిస్.

"దీలియాకి వాళ్ల తాతదే కావాలట" అంది వర్నా, కిటికీలోంచి తన ట్రక్కు వైపు చూస్తూ. దీలియా ఆమె మనవరాలు, ఈ ఏడాది పెద్దవాళ్ల పోటీల్లో దిగబోతోంది. "నేను మాత్రం కొత్తది కొన్నాను. దేని మీద పని చేస్తావో నువ్వే తేల్చు. నీ మాటంటే దానికి గురి."

అమెరికాలోని మోంటానాలో ఆ చుట్టుపక్కల పిస్తోలు పోటీలకు వెళ్లే వాళ్లందరికీ ఈ తంతు తెలిసిందే. మామూలు పిస్తోలు ఒకటి తెచ్చి థర్మన్ ముందు పెట్టాలి. ఉక్కు మంచిదైతే, స్లయిడ్ బిగువుగా కూర్చుంటే ఉంచుకుంటాడు. మూడు నెలల్లో దాన్ని పోటీకి పనికొచ్చేలా మార్చి చేతికిస్తాడు. నచ్చకపోతే అక్కడికక్కడే తిప్పి పంపుతాడు. సాక్షాత్తూ పోలీసు పెద్ద షెరీఫ్ తెచ్చినదాన్నే రెండుసార్లు తిప్పి పంపిన ఘనుడు. ఎవరూ కిక్కురుమనరు.

అంతటి థర్మన్ కొత్తదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల వదులుగా గలగలమంది. పాతదాన్ని ఊపలేదు. వేలి కొసతో పక్కకి జరిపాడు.

"పాతది పనికిరాదు. కొత్తదే ఉంచుతాను."

"విప్పి చూడవా?"

"అక్కర్లేదు."

"మంచిది. పిల్లకి అదే చెప్తాను." వర్నా గబుక్కున లేచి కోటు తొడుక్కుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది. "ట్రిగ్గర్ మాత్రం తాకితే పేలేంత తేలిక చెయ్యకు థర్మన్. పిల్ల ఏడ్చి మొత్తుకున్నా సరే."

థర్మన్‌కి తల కొట్టేసినట్టయింది.

ఇరవై రెండేళ్ల కిందట రాయిస్ పిస్తోలు మీద పని చేసింది అతనే. ఇచ్చిన నాలుగో రోజున, పోటీలో రాయిస్ దాన్ని నడుముకున్న తోలు ఒరలో పెడుతుండగా పేలింది. గుండు తొడలోంచి మోకాలిలోకి దిగింది. "ట్రిగ్గర్‌కి నా వేలే తగిలింది" అన్నాడు రాయిస్, ఆస్పత్రిలో అడిగిన ప్రతివాడితోనూ. ఆ పిస్తోలు మళ్లీ థర్మన్ దగ్గరికి తీసుకురాలేదు, ఇంకెవరినీ విప్పనివ్వలేదు. కుంటుకుంటూ వీధిలో ఎదురొస్తే తనే ముందు పలకరించేవాడు. అప్పుడల్లా థర్మన్‌కి భూమిలోకి కుంగిపోవాలనిపించేది. అయినా నోరు విప్పలేదు.

"కూర్చో వర్నా" అన్నాడు. కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూర్చో. నీకు అబద్ధం చెప్పాను. ఈ రెండింట్లో మంచిది రాయిస్‌దే. అలాంటి ఉక్కు ఇప్పుడు రావడం లేదు. దాన్ని విప్పడానికి నాకు మొహం చెల్లలేదు, అంతే."

"నీకెందుకు మొహం చెల్లదు?"

"అతని కాలు అవిటిదైంది నా వల్ల గనక."

థర్మన్ పాత పిస్తోలు దగ్గరికి లాక్కుని విప్పడం మొదలుపెట్టాడు. గుండుని పేల్చే హామర్‌ని పట్టి ఆపే చిన్న కొక్కేన్ని బయటికి తీసి భూతద్దం కింద పెట్టాడు. దాని అంచు అరిగి గుండ్రంగా అయిపోయింది; అలాంటి అంచు మీంచి హామర్ వేలు తగలకుండానే జారిపోతుంది. ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"ఇంత దరిద్రంగా చేశానా!" అన్నాడు. భూతద్దం మసకబారింది. "ఆ వారం మూడు పిస్తోళ్లు ఒప్పుకున్నాను. పేరు కోసం తాపత్రయం. రాయిస్‌దాన్ని ఆఖరున ఇంకోసారి పరీక్షించాల్సింది, పరీక్షించకుండా ఇచ్చేశాను. నా పరువు కాపాడటానికి నిందంతా తన మీద వేసుకున్నాడు నీ మొగుడు. నేను నోరు మూసుకుని గొప్ప పనివాణ్ననిపించుకున్నాను. నాలాంటి సిగ్గులేనివాడు ఇంకొకడు ఉండడు. ఊరందరికీ చెప్పుకో, నేను కాదనను. పిల్ల పిస్తోలు ఇంకెవరి చేతనైనా చేయించుకో."

వర్నా కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. లోపలికొచ్చాక మొదటిసారి ఆ పిస్తోలు వైపు చూసింది.

"ఇన్నేళ్లూ రాయిస్ కాపాడింది నీ పరువనుకున్నావా?"

"మరి ఎవరిది?"

ఆమె భూతద్దం పక్కకి తోసి ఆ కొక్కేన్ని అరచేతిలోకి తీసుకుంది. వేలితో దాని అంచు తడిమింది.

"ట్రిగ్గర్ బిగుతుగా ఉందని పోటీ ముందు రోజంతా రాయిస్ ఒకటే సణుగుడు. మర్నాడు చూసి సంబరపడతాడనుకున్నాను. నాకు చేతనవునన్న పొగరు కూడా లేకపోలేదు." థర్మన్ కళ్లలోకి చూడలేక గోడ వైపు తిరిగింది.

"ఆ అంచు అరగదీసింది నేను."