మామగారి గడి

మామగారు పోయి నెలైంది. తలుపు తాళంలోంచి ఆయన వేలిముద్ర తీసేద్దామని, రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మం బయట కూర్చుంది కోడలు. తాళాల కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఆమెకిది అయిదు నిమిషాల పని. మూసిన తలుపు వెనక, ఇంట్లో ఎవరూ లేరు.

"తీసెయ్యమ్మా," అంది అత్తగారు, ఆడపడుచు ఇంటి నుంచి ఫోన్‌లో. "నువ్వెంత పొద్దుపోయి వచ్చినా ఆయనే కదా తలుపు తీసేది."

నిజమే. లోపలి గడియ తీసి, పలకరించకుండా, చెప్పులీడ్చుకుంటూ వెళ్లి పడుకునేవారు.

తాళంలోని చిప్‌లో ముద్రలు దాచే ఫ్లాష్ మెమరీలో ఒక్క ముద్రనే చెరపడం కుదరదు. అదున్న గడి, అంటే ఆ మెమరీ అర మొత్తం చెరగాల్సిందే. గడి సైజు నాలుగు కిలోబైట్లని, తాళాన్ని నడిపించే బూట్‌లోడర్ ప్రోగ్రాములో రాసి, చెరిపేసింది. తన వేలు పెట్టి చూసింది. ఎర్ర లైటు వెలిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు చిప్ వివరాల కాగితాలు తిరగేసింది. గడి సైజు నాలుగు కాదు, అరవై నాలుగు. అంటే పక్కనున్న అందరి ముద్రలూ పోయినట్టే.

మెమరీని మళ్లీ చదివించింది. అత్తగారిది, భర్తది, తనది, అన్నీ ఖాళీ. మామగారిది మాత్రం చెక్కుచెదరలేదు.

"తలుపు తెరుచుకోవట్లేదత్తయ్యా," అంటుండగానే లోపల గడియ తీసిన చప్పుడైంది.

ఆ తర్వాత, చెప్పులీడ్చుకుంటూ వెనక్కి వెళ్తున్న అడుగులు. ఎప్పట్లాగే, పలకరించకుండా.