ముందటాయన

"ముందటాయన ఉన్నప్పుడు గిట్ల ఒక్కసారి గూడ కాలే" అన్నాడు గులాం మొహియుద్దీన్.

జలపతి తల ఎత్తలేదు. ఆ వారంలో ఆ మాట వినడం మొదటిసారి కాదు.

సిరిసిల్లలో మొహియుద్దీన్‌ది కంప్యూటర్ సెంటర్. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే ఆసాములు చీరల అంచులకు డిజైన్లు అక్కడే గీయించుకుంటారు. అందుకోసం ముందటాయన ఒక ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రాం రాసి పెట్టాడు. నెమలి, ఎరుపు, నాలుగు పోగులు అని మాటల్లో టైపు చేస్తే చాలు. అది ఒక్కో వరుస చదివి అంచు గీస్తుంది.

నిరుడు కోరుట్ల దారిలో కల్వర్టు పేలింది. పోలీసు జీపు కోసం పెట్టిన మందుపాతర మీదికి బస్సు వచ్చింది. ముందటాయన ఆ బస్సులో ఉన్నాడు. కొన్ని నెలలు కుర్చీ ఖాళీగా ఉంది. తర్వాత జలపతి వచ్చి కూర్చున్నాడు. పని మొదటినుంచి నేర్చుకుని కూర్చున్నాడు. 'ముందటాయన' అనే మాట మొదలుపెట్టింది అతనే. తర్వాత అందరికీ అదే అలవాటైంది.

నీలకూ అలవాటైంది. నీల ఆయనతో కాపురం చేసిన మనిషి. ఇప్పుడు జలపతితో చేస్తోంది. ఆయన పేరు ఆమె నోట ఎప్పుడూ రాలేదు. "గాయన" అంటుంది. ఆయన చొక్కాలే జలపతికి ఇస్తుంది. అవి భుజాల దగ్గర వదులు.

"గాయనను గూడ నువ్వు అనే పిలిచేదానివా?" అని ఒకసారి అడిగాడు.

"లేదు. మీరు అనేదాన్ని."

"మరి నన్ను?"

"ఊకూకె సంటి పిలగాని లెక్క అలుగుతవు. నీకు 'మీరు' ఏంది?"

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

ఆయన్ని ఓడించే దారి జలపతికి ఒక్కటే కనిపించింది. ఆయన రాసినదాంట్లో తప్పు పట్టడం. రోజూ ఆ ప్రోగ్రాం చదివాడు.

పోయిన వారం దొరికింది. మెమరీలో ఉంచిన ప్రతిదానికీ ఆయన ఒక లెక్క పెట్టాడు. అది ఎన్నిచోట్ల వాడుకలో ఉందో ఆ లెక్క చెబుతుంది. సున్నా అయితే ఇంటర్‌ప్రెటర్ దాన్ని తీసేసి చోటు ఖాళీ చేస్తుంది. డిజైన్‌ను డిస్కులోకి రాసే భాగానికి మాత్రం ఆయన ఒకటి ఎక్కువ కలిపాడు. దాన్ని ఎక్కడా తగ్గించలేదు. అంటే ఆ లెక్క ఎప్పటికీ సున్నా కాదు. ఆ చోటు ఎప్పటికీ ఖాళీ కాదు.

జలపతి ఒకటి ఎక్కువ కలిపే ఆ వరుస తీసేసి ఇంటికి పరుగెత్తాడు.

"గాయన తప్పు దొరికింది. పట్టుకున్నదాన్ని ఇడిచిపెట్టుడు మరిచిండు."

నీల బియ్యం ఏరుతోంది. "అవునా? గాయన గంతే. ఏదన్న పట్టుకుంటె ఇడువడు."

ఆమె గొంతులో గర్వం ఉంది. జలపతి అన్నం తినకుండా పడుకున్నాడు.

మర్నాటి నుంచి తిప్పలు మొదలయ్యాయి. పగలంతా ఇంటర్‌ప్రెటర్ బాగానే నడుస్తుంది. సాయంత్రం మూసేటప్పుడు, తెరిచి ఉన్న డిజైన్ పోతుంది. రాజమౌళి అనే ఆసామిది రెండుసార్లు పోయింది.

"రేపు బంద్. అన్నలు పిలుపిచ్చిండ్రు" అన్నాడు మొహియుద్దీన్. "గియ్యాల డిజైన్ చేతిల వడకుంటె రాజమౌళి జగిత్యాల పోయి గీయించుకుంటడట. గదే జరిగితే గీ కుర్చీల కరీంనగర్ పిలగాణ్ణి కూసోబెడ్త. ఖుదా కసం, జలపతీ, నాకు ఇష్టం లేదు."

మొహియుద్దీన్ బయటికి వెళ్లాడు.

జలపతి మళ్ళీ మొదటినుంచి చదివాడు. మూసేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ మెమరీలో ఉన్నవన్నీ ఒకటొకటిగా తీసేస్తుంది. డిస్కులోకి రాసే భాగం లెక్క ముందే సున్నా అవుతోంది. ముందు అది పోతోంది. తర్వాత డిజైన్ వంతు వస్తోంది. అప్పటికి దాన్ని రాసిపెట్టేది ఏదీ మిగలడం లేదు. ఆయన ఒకటి ఎక్కువ కలిపింది అందుకే. చివరిదాకా అది ఉండాలని. కంప్యూటర్ ఆపితే ఆ చోటు ఎలాగూ ఖాళీ అవుతుంది.

కారణం తెలిసినా వేళ్ళు కదలలేదు. ఆ వరుస రాయకపోతే కుర్చీ పోతుంది. రాస్తే ఆయన గెలుస్తాడు.

నీల టిఫిన్ డబ్బాతో వచ్చింది.

"బజార్ల షట్టర్లు దింపుతుండ్రు. ఇంకెంత సేపు?"

"ఒక్క వరుస."

"ఒక్క వరుసకు పొద్దంతనా? గాయనైతే..." అని ఆగింది.

"అను. గాయనైతే గీపాటికి ఇంట్ల ఉండేటోడు. గంతే గద?"

"నేనేమన్లే."

జలపతి ఆ వరుస టైపు చేశాడు. డిజైన్ తెరిచాడు. ఇంటర్‌ప్రెటర్ మూశాడు. మళ్ళీ తెరిచాడు. నెమళ్ళు అంచు పొడుగునా ఉన్నాయి.

మొహియుద్దీన్ వచ్చి చూశాడు. "షాబాష్" అన్నాడు. ఫ్లాపీ జేబులో వేసుకుని రాజమౌళి ఇంటికి బయలుదేరాడు.

జలపతి లేవలేదు.

"కుర్చీ నీకే దక్కె గద. మొఖం గట్ల వెట్టినవేంది?" అంది నీల.

"నేను చేసిందేముంది? గాయన రాసిందే మళ్ల రాసిన." అతను తెర వైపే చూస్తున్నాడు. "ఒక్క మాట చెప్పు. గాయన మళ్ల వస్తే నన్నేం చేస్తవు?"

నీల అతని వెనక నిలబడి, వెంట్రుకల కింద కుట్లు పడ్డ చోట వేళ్ళు పెట్టి, "గాయన పోయింది గా బస్సుల తాకిన గీ దెబ్బకే గద, వస్తే గూడ గీ తలకాయలకే వస్తడు" అంది.