తనంతట తాను నడిచేది

"ఈ పూటే అయిపోవాలి బాబూ. రేపంటే కుదరదు," అందావిడ.

మెకానిక్ తలెత్తలేదు. హాలు మధ్యలో వాక్యూమ్ క్లీనర్‌ని బోర్లా పడుకోబెట్టి కింది మూత విప్పుతున్నాడు. హ్యాండిల్ కాస్త ముందుకు నొక్కితే ముందుకీ, వెనక్కి లాగితే వెనక్కీ తనంతట తానే నడిచే రకం అది. నిన్నటి నుంచి మోత తప్ప కదలిక లేదు.

"నడవకపోతే ఏమైందమ్మా? చేత్తో తోసుకుంటే పోలా?"

"ఎవరు తోస్తారు? ఆయనా?" ఆవిడ సోఫాలో కాలు జాపుకున్న భర్తను చూసి గొంతు తగ్గించింది. "మోకాలి ఆపరేషనైంది. కదులుతూనే ఉండాలన్నారు డాక్టరు. లేకపోతే కాలు బిగుసుకుపోతుందట. బిగుసుకుపోతే మంచం. మంచమెక్కితే రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కాస్తా గుండెకి పోతే..."

"అమ్మా, ముందు బెల్టు చూడనివ్వండి," అన్నాడతను కంగారుగా.

"కర్ర పట్టుకోమంటే నామోషీ. నడిచే స్టాండు కొంటే దాని మీద తువ్వాలు ఆరేశారు. ఈ మిషన్ లాక్కెళుతుంటే మాత్రం వెనకే పోతారు."

"నేను ఇల్లు శుభ్రం చేస్తున్నాను, నడవడం లేదు!" సోఫాలోంచి కేక వినిపించింది. "వచ్చినవాళ్ళందరికీ నా జాతకం చదవకు!"

చక్రాలను తిప్పే బెల్టు తెగిపోయి ఉంది. మెకానిక్ ఆశ్చర్యపోయాడు. "ఇంత తొందరగా తెగదే! రోజూ ఎంతసేపు నడుపుతారేంటి?"

"పొద్దున మొదలుపెడితే భోజనానికి ఆపుతారు."

"ఇంత చిన్న ఇంటికా?"

"ఎన్నిసార్లు తిప్పినా దుమ్ము పోయి చస్తేగా!" సోఫా మళ్ళీ అరిచింది. "మా ఆవిడ ఏరి కోరి కొన్న మిషన్ మరి!"

మెకానిక్ కొత్త బెల్టు ఎక్కించాడు.

"ప్లగ్గు పీకావా నాయనా? షాక్ కొడితే నీ పిల్లలకేం చెప్పను?"

"ప్లగ్గు మీ చేతిలోనే ఉందమ్మా. నాకింకా పెళ్ళే కాలేదు."

నిలబెట్టి, ఆవిడ చేత ప్లగ్గు పెట్టించి స్విచ్ వేశాడు. మిషన్ బుద్ధిగా గోడదాకా వెళ్ళి తిరిగొచ్చింది. "మరీ జోరుగా లేదు కదా? ఈడ్చుకుపోయి పడేయదు కదా?" అంటూనే ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"అయిందా? ఆ మూలంతా దుమ్మే, చూడు!" భర్త సోఫా చెయ్యి పట్టుకుని లేవసాగాడు.

ఇంతలో మెకానిక్ మిషన్ మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. గాలి లాగడం లేదు. స్విచ్ ఆపి వెనక మూత తీశాడు. దుమ్ము సంచీకి వెళ్ళే గొట్టం ఊడబీకి, దాని నోటికి దళసరిగా ప్లాస్టరు అంటించి ఉంది.

"ఇదెవరో కావాలని చేసిన పనమ్మా! ఉండండి, ఊరికే బిగించేస్తాను. ఒక్కసారి తిప్పితే ఇల్లు అద్దంలా..."

ఆవిడ గబుక్కున అతని మణికట్టు పట్టుకుని, భర్త వైపు ఓ కన్నేసి గుసగుసలాడింది.

"నీకు పుణ్యముంటుంది, దాని జోలికి పోకు బాబూ. ఇల్లు శుభ్రమైపోతే ఆయన కూర్చుండిపోతారు!"